టోలిచౌకి కబురు

పోయిన వారం నా కారు సర్వీసుకిస్తే, అక్కడి కుర్రాడు మెడలో టై సర్దుకుంటూ ఇంజిన్‌లో ఏదో ముక్క పోయిందనీ, అది ఇక దొరకదనీ చెప్పాడు. "ఈ మోడల్ ఆపేశారు మేడమ్. పార్ట్ రాదు. ఎక్స్‌ఛేంజ్‌లో కొత్తది తీసేసుకోండి" అన్నాడు. ఆ కారుకి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. "దాని బదులు వేరే బండిదేదైనా సరిచేసి వెయ్యలేరా?" అని అడిగాను. నేనేదో సంస్కృతం మాట్లాడినట్టు చూశాడు. ఆటోలో ఇంటికొస్తుంటే, బదులు ముక్కల కోసం హైదరాబాదంతా తిరిగిన ఒక ఎండాకాలం గుర్తొచ్చింది. ఆ ఎండాకాలంలో నేను చేసిన ఒక పని, అప్పటివాళ్ళకి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. నాన్న సినిమాలకి సౌండు రికార్డిస్టు. సినిమావాళ్ళంతా మద్రాసు నుంచి ఒక్కొక్కరే హైదరాబాదు చేరుతున్న రోజులు. మేమూ వచ్చేశాం. జూబ్లీహిల్స్‌లో కొండరాళ్ళ మధ్య ఒక చిన్న ఇల్లు అద్దెకి దొరికింది. ఇల్లొకటి, రాళ్ళు వెయ్యి. పొద్దున లేస్తే నెమళ్ళ అరుపు, పదింటి నుంచీ ఫిలింనగర్ వైపు రాళ్ళు పేల్చే మోత. అక్కడ అప్పటికింకా ఇళ్ళు లేవు. ఎవరి స్థలం ఎంతవరకో చెప్పే సున్నపు గీతలు మాత్రం ఉండేవి. నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజే స్నానం. ఆటోవాళ్ళు ఎత్తు ఎక్కలేమని చెక్‌పోస్టు దగ్గరే దింపేసేవాళ్ళు.

సామాను లారీలో వచ్చింది, మేం కారులో వచ్చాం. ఆ కారు అమ్మది. అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, కాకినాడలో డాక్టరు. ఇంగ్లండు నుంచి ఓడలో దిగిన ఆ చిన్న నల్లకారులోనే ఊళ్ళు తిరిగి వైద్యం చేసేవాడు. అమ్మకి పదహారో ఏట స్టీరింగు ఇచ్చి నడపడం నేర్పాడు. ఆయన పోయాక కారు అమ్మకి వచ్చింది. సీట్లలో తాతయ్య నస్యం వాసన అలాగే ఉండేది.

మద్రాసు నుంచి అంత దూరం వచ్చిన కారు, మా ఇంటికి ఇంకా అరమైలు ఉందనగా, ఆఖరి ఎత్తులో పొగలు కక్కి ఆగిపోయింది. నాన్న కంగారుపడి కూజాలో చన్నీళ్ళు తీసి మరుగుతున్న ఇంజిన్ మీద గుమ్మరించాడు. లోపల 'టప్'మని ఒక చప్పుడు. అమ్మ మొహం పాలిపోయింది. "ఏం కాదులే" అన్నాడు నాన్న. అయింది. ఇంజిన్ పైన మూతలాగా బిగించే ఇనప దిమ్మ ఉంటుంది, హెడ్ అంటారు. అది పగిలింది. లోపల పిస్టన్లు పట్టేశాయి. కారుని తోసుకొచ్చి షెడ్డులో పెట్టారు.

ఆ ఊళ్ళో అమ్మకి ఎవరూ లేరు. మద్రాసులో సాయంత్రమైతే మా వసారా నిండా జనం. ఇక్కడ కిటికీ తీస్తే రాళ్ళు. అమ్మ నవ్వడం మానేసింది. కానీ, నిజం చెప్పాలి కదా, ఆ దిగులు అమ్మ నాకు నచ్చింది. తోచక నాకు రోజుకి రెండుసార్లు జడలు వేసేది. మధ్యాహ్నం నన్ను పక్కన పడుకోబెట్టుకుని తన చిన్నప్పటి కబుర్లు చెప్పేది. మద్రాసులో ఎందరితోనో పంచుకున్న అమ్మ, ఇక్కడ మొత్తం నాదే.

అప్పుడొచ్చారు కార్లు బాగుచేసే మిస్త్రీ, ఆయన కూతురు.

మిస్త్రీ కృష్ణానగర్‌లో ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, చెవిమీద బీడీతో. బానెట్ ఎత్తి చాలాసేపు చూసి, "దీని సామాను ఇండియాల యాడ దొరకదమ్మా. కంపెనీనే బందయింది" అన్నాడు.

వెనకాల నిలబడ్డ కూతురు ముందుకొచ్చింది. పదహారేళ్ళుంటాయి. పదో తరగతి పాసై తండ్రితో పాటు పనికి వస్తోంది. లంగా ఓణీ మీద తండ్రి పాత చొక్కా తొడుక్కుని ఉంది. వంగి ఇంజిన్‌లో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని తడిమింది. "నాయినా, వేరే బండియి తెచ్చి సరిజేద్దాం. పిస్టన్లు జర లావుయి దొరికితే, అవి పట్టేటట్టు లోపల బోరు చేయించొచ్చు గదనే?" అంది.

అమ్మ నవ్వింది. రెండు నెలల తరవాత మొదటిసారి. నన్ను చూసి కాదు, ఆమెని చూసి.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో అవే మాటలు. దొరకని ప్రతిదానికీ బదులొకటి. ట్రాక్టర్ వాల్వులు తెచ్చి లేతు మీద తరిగించారు. ఫ్యాను తిప్పే బెల్టు పిండిమర వాడి దగ్గర దొరికింది. ఆదివారం ఎర్రగడ్డ అంగడికి వెళ్ళి, ఇనప సామాను రాసులుగా పోసినచోట కూర్చునేవాళ్ళు. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తాళాలూ కుళాయిలూ గొలుసుల మధ్య వెతుకుతుంటే, నేను గొడుగు పట్టుకుని నిలబడేదాన్ని. నాకు పిస్టన్‌కీ పచ్చడిబండకీ తేడా తెలీదు. ఆమె మాత్రం చూడకుండానే, చేతికి తగిలినదాన్ని చెప్పేసేది. మూడు పిస్టన్లు ఒకచోట దొరికాయి. నాలుగోది మూడో ఆదివారం ఆమె చేతికే తగిలింది. వేళ్ళతో కొలిచి, "గిదే అమ్మా!" అని పైకెత్తింది. అమ్మ ఆ అంగడి మధ్యలో, అందరూ చూస్తుండగా, ఆమెని దగ్గరికి లాక్కుంది. "నీ వేళ్ళకి కళ్ళున్నాయే పిల్లా!" అంది.

నేను గొడుగు మూసేశాను. ఎండ తగిలి అమ్మ తిరిగి చూసింది. "చెయ్యి నొప్పెట్టింది" అన్నాను.

ఆమె మా అమ్మని 'అమ్మా' అని పిలిచేది. మిస్త్రీ కూడా అలాగే పిలిచేవాడు, పాలవాడూ అలాగే పిలిచేవాడు. వాళ్ళు పిలిస్తే నాకేం అనిపించేది కాదు. ఆమె పిలిస్తే మాత్రం నా గిన్నెలో చెయ్యి పెట్టినట్టు ఉండేది. "అక్కా అని పిలువు" అని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నేను పిలవలేదు. 'ఇదిగో', 'ఏమండోయ్', లేదా ఏమీ లేకుండా.

ఆమె వాళ్ళమ్మ అప్పుడప్పుడూ సర్వపిండి పంపేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గిన్నెకి అద్ది కాల్చిన రొట్టె. మూత తియ్యగానే ఇల్లంతా కమ్మటి మాడువాసన. అమ్మ వేళ్ళు కాలుతున్నా తుంచుకు తినేది. నాకు నోరూరేది. అయినా ముట్టుకునేదాన్ని కాదు. "నాకా వాసన పడదు" అని గదిలోకి పోయి, తలుపు సందులోంచి అమ్మ తినడం చూసేదాన్ని.

ఒకరోజు ఇంజిన్ ముక్కల మధ్య వేసే గాస్కెట్‌కి మందపాటి అట్ట కావలసొచ్చింది. అమ్మ ఇంట్లోకి వచ్చి, నా డ్రాయింగు పుస్తకం అట్ట చింపి పట్టుకెళ్ళింది. నన్ను అడగను కూడా అడగలేదు. ఆమె ఆ అట్టని ఇనుము మీద పెట్టి, చిన్న సుత్తితో అంచుల వెంబడి టకటకా కొడుతుంటే, కత్తెర లేకుండానే ఆకారం ఊడి వచ్చింది. అమ్మ దాన్ని వెలుతురుకి పట్టి చూసి మురిసిపోయింది. అట్టకి ఒక మూల నా పేరు సగం కనపడుతోంది.

ఇక హెడ్ ఒక్కటే మిగిలింది. దానికి బదులు లేదు. అలాంటిదే కావాలి. టోలిచౌకిలో ఒక సేఠ్ పాడైపోయిన కార్లు కొని ఇనుము కరిగించే బట్టీకి అమ్ముతాడు. అమ్మ స్వయంగా వెళ్ళి అడిగొచ్చింది. "అలాంటి కారు వస్తే కబురు పంపుతా మేమ్‌సాబ్. మీరొచ్చి చూసుకుంటే ఇస్తా" అన్నాడట.

మే నెల, మధ్యాహ్నం. అమ్మ భోంచేసి పడుకుంది. గేటు చప్పుడైతే వెళ్ళి చూశాను. ఆమె. కృష్ణానగర్ నుంచి కొండెక్కి నడిచొచ్చింది. మొహం కందిపోయి ఉంది.

"అమ్మ ఉన్నదా?"

"పడుకుంది."

"లేపు జర. టోలిచౌకి సేఠ్ దగ్గరికి ఇసొంటి కారే వచ్చిందట. హెడ్ మంచిగున్నదట. రేపు పొద్దుగాల బట్టీ లారీ వస్తది. ఇయ్యాలనే పోవాలె. నాయినకు జరమొచ్చింది, అందుకే నేనొచ్చిన."

"అమ్మకి తలనొప్పి. లేచాక నేను చెప్తాను."

ఆమె ఒక్క క్షణం లోపలికి చూసింది. మంచినీళ్ళడిగితే ఇచ్చాను. గ్లాసు ఎత్తి గటగటా తాగి, "మర్చిపోకు" అని వెళ్ళిపోయింది.

నేను మర్చిపోలేదు. అమ్మ లేచింది, కాఫీ తాగింది, నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసింది. దువ్వెన తలలో మెల్లగా జారుతుంటే, ఇలాంటి సాయంత్రం ఎన్నాళ్ళయిందో అనుకున్నాను. "ఎవరైనా వచ్చారా?" అని అడిగింది. "లేదు" అన్నాను.

రెండ్రోజుల తరవాత తండ్రీకూతుళ్ళు వచ్చారు. జ్వరం తగ్గీ తగ్గని మిస్త్రీ గేటు దగ్గరే, "ఏందమ్మా, పోనే పోలేదంట? హెడ్ బట్టీకి పోయింది" అన్నాడు.

అమ్మకి అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి మెట్ల మీద కూలబడింది. "ఎవరూ చెప్పలేదే!"

"నేనొచ్చిన గదమ్మా. గీ పాపకు చెప్పిన" అంది ఆమె.

అమ్మ నావైపు తిరిగింది. ఇప్పుడైనా చెప్పేయచ్చు. "ఎవరూ రాలేదమ్మా" అన్నాను. నా గొంతు నాకే చాలా నిజంగా వినిపించింది.

అమ్మ ఆమెతో అంది. "చూడమ్మా, ఎండలో రాలేకపోతే రాలేదని చెప్పు. నేనేం అనుకోను. అబద్ధం మాత్రం ఆడకు."

ఆమె ఏడవలేదు. చేతిలో స్పానర్ కింద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని, కొండ దిగి వెళ్ళిపోయింది. "మా పిల్ల అబద్ధం చెప్పదమ్మా" అని ఒక్క మాట అని మిస్త్రీ కూడా వెళ్ళిపోయాడు.

నేను కోరుకున్నది జరిగింది. అమ్మ మళ్ళీ మధ్యాహ్నాలు నా పక్కన పడుకునేది. గోడవైపు తిరిగి. జడ వేస్తూ వేస్తూ సగంలో ఆగిపోయేది. "ఆ పిల్ల అలాంటిది కాదనుకున్నానే..." అని తనలో తను అనుకునేది. ఇంట్లోకి రాకుండా కూడా ఆమె అమ్మని నా దగ్గర్నించి తీసుకుపోతోంటే నాకు కడుపు మండిపోయింది. కళ్ళముందు ఉన్నప్పుడైతే కనీసం మూతి ముడుచుకోవచ్చు. లేని మనిషితో ఏం పోట్లాడను?

"ఇంక చాలు, ఆ తుప్పు అమ్మేద్దాం" అన్నాడు నాన్న. అమ్మ సరేనంది. ఒక ఉదయం పాత ఇనుము కొనేవాడు గొలుసులేసుకుని వచ్చాడు. అమ్మ షెడ్డులోకి వెళ్ళి, కారు డ్యాష్‌బోర్డు అరలోంచి తాతయ్య వస్తువులు తీసి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది. మందులు రాసే చీటీల బొత్తి, మొండి పెన్సిలు, ఒక పాత కళ్ళజోడు. కళ్ళజోడు తన కళ్ళకి పెట్టుకుని, స్టీరింగు మీద చేతులు వేసి ఊరికే కూర్చుంది.

నేను షెడ్డు గుమ్మంలో నిలబడి, "కబురొచ్చిందమ్మా. నేనే చెప్పలేదు" అన్నాను.

కొడుతుందనుకున్నాను. కళ్ళజోడు తీసి అడిగింది. "ఎప్పుడొచ్చింది?"

"నువ్వు పడుకున్నప్పుడు."

"ఆ ఎండలో నడిచొచ్చిందా?"

"ఊఁ."

"నీళ్ళైనా ఇచ్చావా?"

"ఇచ్చాను."

అమ్మ దిగి, గొలుసులవాణ్ణి పంపించేసి, చెప్పులేసుకుంది. "రా" అంది అంతే. కృష్ణానగర్ దాకా అమ్మ ముందు, నేను పదడుగులు వెనక.

ఇరుకు సందు. ఒక కిటికీలో సవరాలు ఆరేసి ఉన్నాయి. డాబా మీద నలుగురమ్మాయిలు డాన్సు స్టెప్పులు లెక్కపెట్టుకుంటున్నారు. మిస్త్రీ ఇంటిముందు ఆమె కూర్చుని ఎవరిదో స్కూటర్ విప్పుతోంది. మమ్మల్ని చూసి లేచింది. సందులో జనం చూస్తుండగానే అమ్మ ఆమె చేతులు, నూనె మరకలతో సహా, పట్టుకుంది.

"తప్పు నాది. నువ్వు నిజం చెబితే వినలేదు. నా కూతురు అబద్ధం చెబితే విన్నాను."

"గట్లనకుండ్రి అమ్మా. ఎవరైనా కన్నబిడ్డ మాటే ఇంటరు." ఆమె నావైపు చూసింది. "ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అన్నీ నిజమే. కానీ ఆ సిగ్గులో కూడా నా కళ్ళు అమ్మ పట్టుకున్న ఆ చేతుల మీదే ఉన్నాయి. ఎప్పుడు వదులుతుందా అని చూస్తున్నాను. వాళ్ళమ్మ లోపల్నించి సర్వపిండి తెచ్చి నా చేతిలో పెట్టింది. తినక తప్పలేదు. అంత రుచిగా ఉంటుందనుకోలేదు. ఇన్నాళ్ళూ నన్ను నేనే మాడ్చుకున్నానని ఇంకా ఉక్రోషం వచ్చింది.

అమ్మ సంగతంతా నాన్నకి చెప్పింది. చన్నీళ్ళు పోసింది తనే కదా. మర్నాడు స్టూడియో నుంచి ఒక వార్త తెచ్చాడు. పౌరాణికాలకి రథాలూ గదలూ చేసే ముసలి వెల్డర్ ఒకాయన ఉన్నాడనీ, పగిలిన పోత ఇనుము అతికించగలడనీ.

స్టూడియో వెనక, అట్టతో చేసిన రాజమహలు నీడలో, ఆయన ఇటుకలు పేర్చి బొగ్గుల కొలిమి చేశాడు. "ఇనుముని తొందరపెడితే మళ్ళీ పగులుద్ది. ఒళ్ళంతా ఒక్కతీరుగా వేడెక్కాలి" అన్నాడు. కొలిమికి గాలి కొట్టే చక్రం తిప్పడానికి ఒకరు కావాలి. నేను వెళ్ళి పట్టుకున్నాను. ఎవరూ వద్దనలేదు. ఆమె పట్టకారుతో హెడ్‌ని అటూ ఇటూ జరుపుతోంది.

ఆ గొడవ తరవాత ఆమె నాతో మొదటిసారి మామూలుగా మాట్లాడింది ఆరోజే. "గట్ల గాదు. జోరుగ తిప్పి ఆపొద్దు. మెల్లగ, ఒక్కతీరుగ తిప్పు." నేను తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కాయి. దిమ్మ దానిమ్మగింజ రంగుకి వచ్చాక ఆయన ఇత్తడి కడ్డీ కరిగించి పగులు నింపాడు. పసుపుపచ్చటి మంట, ముక్కులు మండే వాసన. తరవాత దాన్ని బూడిదలో పాతిపెట్టాడు. రెండ్రోజులు చల్లారాలట. మధ్యలో తీసి చూడకూడదట.

చివరికి ఇంజిన్ బిగించిన రోజు అమ్మ తాళం తిప్పింది. రెండుసార్లు దగ్గింది. మూడోసారి మా ఇల్లంతా అదిరేలా అందుకుంది. మిస్త్రీ బీడీ పారేసి చప్పట్లు కొట్టాడు. మేమంతా ఎక్కడానికి ముందుకురికాం. అమ్మ పక్క సీటు తలుపు తీసి, "నువ్వు ఇక్కడ" అంది.

నన్ను కాదు. "ఏదైనా చప్పుడు తేడా వస్తే చెప్పాలి కదా" అని ఆమెని ముందు కూర్చోబెట్టుకుంది. నేను, నాన్న, మిస్త్రీ వెనక. చెక్‌పోస్టు దాకా దిగి, మళ్ళీ అదే ఎత్తు ఎక్కాం. ఆగలేదు. అందరూ కేకలు పెట్టారు. నేనూ పెట్టాను. ముందు సీటులో గాలికి ఎగురుతున్న ఆ జడని చూస్తూ పెట్టాను.

జూన్‌లో అమ్మ ఆమెని ఐటిఐలో మెకానిక్ కోర్సుకి పంపమని మిస్త్రీని ఒప్పించింది. "ఆడపిల్ల గాడికి పోతదా అమ్మా?" అని ఆయన వారం రోజులు నసిగాడు. అడ్మిషన్‌కి మా కారులోనే వెళ్ళాం. మేడ మీద బల్ల వెనక గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మెకానిక్కులో ఆడపిల్లలెవరూ లేరండీ. ఈ పిల్ల మీకేమవుద్ది?"

అమ్మ ఏమంటుందో నాకు తెలుసు. కూతురులాంటిది అంటుంది. ఆ మాట వినకూడదని కిటికీలోంచి బయటికి చూశాను.

"నా కారు మెకానిక్ అండీ" అంది అమ్మ. "ఇంజిన్ మొత్తం ఈ అమ్మాయే చేసింది. కింద ఉంది, వచ్చి చూడండి."

ఆయన నిజంగానే దిగివచ్చి చూశాడు. సీటిచ్చారు. ఆమె కోర్సు పూర్తిచేసి ఒక బస్సు డిపోలో చేరింది. తరవాత తరవాత మేం వేర్వేరు చోట్లకి వెళ్ళిపోయాం. కారు ఇంకో ఏడేళ్ళు తిరిగింది. ఇప్పుడు అమ్మ లేదు. ఆ రాళ్ళు కూడా లేవు. అవి ఎక్కడుండేవో గుర్తుపట్టాలన్నా నాకు చాతకాదు.

అమ్మ నన్ను తక్కువ ప్రేమించిందని ఇప్పుడు అనుకోను. ఆఖరిదాకా నాకు కావలసినంత అమ్మ దక్కింది. అయినా ఆ అడ్మిషన్ గదిలో అమ్మ మాటకి ఆమె మెడ నిటారుగా పెట్టి నిలబడిన తీరు గుర్తొస్తే, ఈ వయసులో కూడా లోపల చురుక్కుమంటుంది. కూతురినని నన్ను అమ్మ వందమందికి పరిచయం చేసింది. నేను చేసిన పని ఒకటి చూపించి, కిందికొచ్చి చూడండని అమ్మ ఎవరినీ ఎప్పుడూ పిలవలేదు.